కాసు కాని కాసు

బంగారం విషయంలో తెలుగువాళ్ళకు సలహా చెప్పబోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. అయినా ఈసారి వూరుకోదలచుకోలేదు. కొంతకాలంగా మన కుటుంబాలలో ఒక కొత్త అలవాటు బయలుదేరింది. అమ్మాయి పెళ్ళికి కాసుల పేరు చేయించాలనుకునేవారు ఇక్కడ అమెరికాలో జరిగే నాణేల సంతలకు వెళ్ళి, పాత జర్మన్ ఇరవై మార్కుల బంగారు నాణేలు ఏరుకొస్తున్నారు. ఎవరో లెక్క కట్టి చెప్పారట: ఆ నాణెం బరువు 7.965 గ్రాములు, మన కాసు ఎనిమిది గ్రాములు, సావరిన్ కంటే బేరానికి దొరుకుతుంది, కాబట్టి ఇదీ కాసే అని. ఆ మాట ఒక విందు నుంచి ఇంకో విందుకు పాకింది. ఇప్పుడు మన సభల్లో పదిమంది ఆడవాళ్ళు కూర్చుంటే ఒకరి మెడలోనైనా జర్మన్ గద్ద కనిపిస్తున్నది.

ఇది కాసు కాదని మా వాదన. ముందు కంసాలి లెక్కే చూద్దాం, ఎందుకంటే ఆ లెక్క చెప్పే మమ్మల్ని దబాయిస్తున్నారు. సావరిన్ ఇరవై రెండు వన్నెల బంగారం, అంటే వెయ్యికి 916 పాళ్ళు మేలిమి. జర్మన్ మార్కుల నాణెం వెయ్యికి 900 పాళ్ళే. సావరిన్‌లో 7.32 గ్రాముల మేలిమి వుంటే, ఇరవై మార్కులలో 7.168 గ్రాములు వుంది. కరిగించి ఇరవై రెండు వన్నెల నగ చేయాలంటే కంసాలి పైన మేలిమి కలపాల్సిందే. కలిపినందుకు వేరే లెక్క, తరుగుకు వేరే లెక్క, మజూరీకి వేరే లెక్క. కరిగించకుండా కొక్కెం అతికిస్తారా, అప్పుడు నాణెం నాణెంగా చెడింది, నగ నగగా వన్నె తగ్గింది. బేరం చేసి గెలిచామనుకుంటున్నవారు గీటురాయి దగ్గరే ఓడిపోయారు.

ఇంతటితో ఆపితే ఇది వంటింటి ఖర్చుల వ్యాసం అయిపోతుంది. మాకు అసలు బాధ కలిగించేది వేరే వుంది.

ఆ నాణెం బొమ్మా బొరుసూ ఎప్పుడైనా నిదానంగా చూశారా? ఒకవైపు సామ్రాజ్యపు గద్ద. అది అన్నిటి మీదా ఒకటే. రెండోవైపు మాత్రం ఒక్కో నాణెం మీద ఒక్కో ముఖం. 1871లో జర్మనీ ఒక్కటైనప్పుడు అందులో చేరినవి ఇరవై అయిదు రాజ్యాలు: నలుగురు రాజులు, ఆరుగురు గ్రాండ్ డ్యూకులు, అయిదుగురు డ్యూకులు, ఏడుగురు ప్రిన్సులు, హాంబుర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ అనే మూడు స్వతంత్ర నగరాలు. అంతకు ముందు ఉత్తరాన థాలర్లు, దక్షిణాన గుల్డెన్లు చెలామణీలో వుండేవి. థాలరుకు ఒకటిన్నర గుల్డెన్ కాదు, రెండూ కాదు, ఒకటీ ముప్పావు. ఎల్ల దాటిన ప్రతి వ్యాపారీ తలపట్టుకునే లెక్క అది. 1871 డిసెంబరు 4 నాటి చట్టం ఆ చిక్కును విప్పింది. అయిదు వందల గ్రాముల మేలిమి బంగారం నుంచి పది మార్కుల నాణేలు సరిగ్గా 139న్నర రావాలని నిర్ణయించింది. అందరికీ ఒకే బరువు, ఒకే వన్నె, ఒకే గద్ద. కానీ రెండోవైపు మీ రాజు బొమ్మ మీరే వేసుకోండి, మీ నగరం ముద్ర మీరే వేసుకోండి అని వదిలేసింది. కలిసి వుంటూనే ఎవరి పేరు వారు నిలుపుకోవాలన్న పెనుగులాట అరచేతిలో పట్టే బిళ్ళ మీద అచ్చయింది. భాషాప్రయుక్త రాష్ట్రాల కోసం కొట్లాడిన జాతి వాళ్ళం మనం. ఈ సంగతి మనకు ఒకరు విడమరచి చెప్పాలా?

బొమ్మ పక్కనో కిందనో ఒక చిన్న అక్షరం వుంటుంది. 'ఎ' అంటే బెర్లిన్ టంకశాల, 'డి' అంటే మ్యూనిక్, 'ఎఫ్' స్టుట్‌గార్ట్, 'జి' కార్ల్స్‌రూయే, 'జె' హాంబుర్గ్. 'బి' అక్షరం హానోవర్‌ది. ఆ రాజ్యాన్ని ప్రష్యా 1866లోనే మింగేసింది. టంకశాల మాత్రం ఇంకో పన్నెండేళ్ళు పని చేసి 1878లో మూతపడింది. ఈ నాణేలకు తొలి బంగారంలో చాలా భాగం ఫ్రాన్సు ఓడిపోయి కట్టిన అయిదు వందల కోట్ల ఫ్రాంకుల పరిహారం నుంచి వచ్చింది. అందులో పన్నెండు కోట్ల మార్కుల విలువైన నాణేలను ఒక్కొక్క పెట్టెకు లక్ష చొప్పున పన్నెండు వందల పెట్టెలలో పెట్టి, బెర్లిన్ పక్కన స్పాండావ్ కోటలోని జూలియస్ బురుజులో దాచారు. రాబోయే యుద్ధం ఖర్చుల కోసమట! నలభై ఏళ్ళు ఆ బంగారం వెలుతురు చూడలేదు. 1914లో ఆ యుద్ధం రానే వచ్చింది.

"ప్రష్యా రాజు నాణేలు లక్షలూ కోట్లూ కొట్టారు కదా, నాలుగు మేము కొక్కెం పెట్టుకుంటే ఏం కొంప మునిగింది?" అని ఒక వదినగారు మమ్మల్ని నిలదీశారు. నిజమే. బెర్లిన్‌లో కొట్టిన 1913 నాణెం ఒకటి తగ్గితే చరిత్రకు వచ్చిన నష్టమేమీ లేదు, మేము ఒప్పుకుంటున్నాము. అయితే సంతలో పళ్ళెంలో పోసి తూకానికి అమ్మే నాణేలలో అన్నీ ప్రష్యావే వుండవు. ర్యూస్ అనే బుల్లి రాజ్యం, అందులోనూ పెద్ద శాఖ వారిది, 1875లో తన ఇరవై మార్కుల నాణేలు కొట్టించినది మొత్తం 1,510. సాక్స్ కోబుర్గ్ గోథా 1872లో కొట్టించినవి వెయ్యి. వాటిలో ఎన్ని కరిగిపోగా ఎన్ని మిగిలాయో వూహించుకోవచ్చు. కొనేవారు తూకం చూస్తారు, తేదీ చూడరు, తల ఎవరిదో అసలే చూడరు.

మా కళ్ళారా చూసింది ఒకటి చెబుతాము. ఆ మధ్య ఒక పెళ్ళిలో ఒక కాసుల పేరు చూశాము. పదహారు నాణేలు. పదిహేను ప్రష్యావి. పదహారోది సాక్స్ మైనింగెన్ డ్యూకు రెండవ గియోర్గ్‌ది. ఎవరీయన? ప్రపంచ నాటకరంగానికి పేరు పొందిన 'నాటకాల డ్యూకు'. ఈయన సొంత సమాజం 1874 నుంచి 1890 దాకా ఐరోపా అంతా తిరిగి నాటకాలు ఆడింది. తెర మీద బొమ్మల దగ్గర నుంచి గుంపులో నిలబడే ఆఖరి వేషధారి దాకా అందరినీ ఒక్క దర్శకుడి మాట కిందకు తెచ్చిన సమాజం అది. మాస్కోలో వారి ప్రదర్శనలు చూసినవారిలో స్తనిస్లావ్‌స్కీ ఒకడు. మన సురభి వారు 1885లో తొలి నాటకం ఆడుతున్న రోజుల్లోనే ఈ డ్యూకుగారి నటులు రైళ్ళలో తెరలు మోసుకుంటూ తిరుగుతున్నారు. అటువంటాయన నెత్తిన టంకం పోసి, కొక్కెం అతికించి, ఆ వేడికి గడ్డం సగం కరిగిపోగా మిగిలిన ముఖాన్ని పక్కకు తిప్పి వేలాడదీశారు. మైనింగెన్ వారు వందల్లోనూ వేలల్లోనూ తప్ప నాణేలు కొట్టలేదు. అడిగితే, "అన్నీ ఒకే ధరకు ఇచ్చాడండీ" అన్నారు పెద్దమనిషి, సంతోషంగా. మేము భోజనానికి కూర్చున్నామే గాని ముద్ద దిగలేదు.

నాణేలతో నగలు చేయించుకోవడం మన సంప్రదాయమేనని మరో వాదన వుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేము. కాసుల పేరు అన్న మాటలోనే కాసు వుంది. దక్కనులో పుతలీ హారంలోని బిళ్ళలకు వెనిస్ డ్యూకట్ ముద్రే మూలం. ఓడల మీద వచ్చిన ఇటలీ బంగారం మన ఆడవాళ్ళ మెడలలో దేవతగా మారింది. జర్మన్లు మాత్రం తక్కువ తిన్నారా? అక్కడి పల్లెపడుచులూ డ్యూకట్లకు చెవులు అతికించి వేసుకున్నవారే. వేలం పుస్తకాలలో 'కొక్కెం తీసిన గుర్తు వుంది' అన్న మాట కనిపించని పేజీ అరుదు. ఆ ఒక్క మాటతో నాణెం ధర అమాంతం పడిపోతుంది. మా వాదన సంప్రదాయం మీద కాదు. నాటి అవ్వ తన కాలపు చెలామణీ నాణెంతో నగ చేయించుకుంది. బజారులో అలాంటివి ఇంకా బోలెడున్నాయి. నేటి మనుమరాలు మళ్ళీ పుట్టని వస్తువును పాడు చేస్తున్నది. ఆ అవ్వకే విజయనగరపు వరహా చేతికిస్తే కళ్ళకద్దుకుని దేవుడి పెట్టెలో పెట్టేది.

వరహా అంటే గుర్తుకొచ్చింది. మన వరహా సుమారు 3.4 గ్రాములు, జర్మన్ రాజ్యాల డ్యూకట్ 3.49 గ్రాములు. సముద్రాలకు అటూ ఇటూ వున్న వర్తకులకు బంగారం కొలత దాదాపు ఒక్కటే. 1559లో సామ్రాజ్యపు నాణేల శాసనం డ్యూకట్‌ను ప్రమాణంగా చేసింది: కొలోన్ మార్కు అనే తూకానికి 67 నాణేలు, వెయ్యికి 986 పాళ్ళ మేలిమి. మార్కుల నాణెం కంటే ఎంతో మేలైన బంగారం. మనవాళ్ళు వీటి జోలికి పోవడం లేదు, చిన్నగా వున్నాయని! అదీ ఒక రకంగా అదృష్టమే అనుకోవాలి. ఎందుకంటే జర్మన్ రాజ్యాల నాణేలలో మనిషి మనసును పట్టి ఆపేవి ఈ చిన్నవే.

బవేరియా పాలకులు 1756 నుంచి నదుల బంగారంతో డ్యూకట్లు కొట్టించారు. డాన్యూబ్, ఇన్, ఇసార్ నదుల ఇసుక కడిగి తీసిన బంగారం. ఏ నది బంగారమో లాటిన్‌లో నాణెం మీదే రాయించారు. పలాటినేట్ వారు రైన్ నది బంగారంతో కొట్టించి, రైన్ తీరాలు ఇలా మెరుస్తాయని అర్థం వచ్చే మాట చెక్కించారు. బాడెన్ వారయితే పందొమ్మిదో శతాబ్దంలో కూడా 'రైన్ ఇసుక నుంచి' అని రాసి, ఎన్ని వన్నెలో కూడా అక్కడే రాశారు. నీళ్ళలో మోకాలి లోతున నిలబడి జల్లెడ పట్టిన మనుషుల కూలి ఆ బిళ్ళలో వుంది. నదికి సువర్ణముఖి అని పేరు పెట్టుకున్న మనకు ఈ సరదా అర్థం కాకపోదు. న్యూరెంబర్గ్ నగరం 1700 సంవత్సరం పేర గొర్రెపిల్ల బొమ్మతో డ్యూకట్లు వేసింది. భూగోళం మీద నిలబడి జెండా పట్టుకున్న గొర్రెపిల్ల. తరువాత చాలా ఏళ్ళు అదే తేదీతో కొడుతూ వచ్చారు. గుండ్రంగానూ కొట్టారు, నలుచదరంగానూ కొట్టారు. బిడ్డకు నామకరణమైతే బంధువులు ఇచ్చే కానుక అది. డ్యూకట్‌లో సగం, పావు, అలా తగ్గుతూ తగ్గుతూ ముప్ఫైరెండో వంతు దాకా వెళ్ళారు. ఆ బుల్లి నాణెం ఎత్తు గ్రాములో పదో వంతు పైన కాస్త, అంటే మన గురివింద గింజ పాటి. దాని మీదా గొర్రెపిల్ల వుంది. ఆ అచ్చు చెక్కినవాడి కళ్ళకు దండం పెట్టాలి.

ఇక రాజులను చూసి మురిసిపోయే మరో వర్గం వుంది. వీరు నాణెం కరిగించరు; వ్యాపారి పంపిన రంగుల కరపత్రం చదివి, 'రాజవంశపు బంగారం' అంటే పొంగిపోయి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి నంబరు వేసిన నాణేన్ని రెట్టింపు ఇచ్చి కొని, విందులో అతిథులకు తిప్పి చూపిస్తారు. రాజుల నిజాయితీ ఎంతో వీరికి తెలియాలి. ప్రష్యాకు చెందిన ఫ్రెడరిక్ మహారాజు ఏడేళ్ళ యుద్ధంలో, అంటే 1756 నుంచి 1763 దాకా, ఆక్రమించిన సాక్సనీలో లైప్జిగ్ టంకశాలను గుత్తకిచ్చాడు. సాక్సనీ పాలకుడి బొమ్మతోనే, పాత తేదీలు వేసి, వన్నె తగ్గించిన బంగారు నాణేలు కొట్టించి జనం మీదకు వదిలాడు. సొంత ముఖం వున్న వెండినీ వదల్లేదు. లాభం యుద్ధానికి పోయింది. నిందేమో? టంకశాల గుత్తకు తీసుకున్న ఎఫ్రాయిమ్, ఇట్సిగ్ అనే యూదు వ్యాపారుల మీద పడింది. పైకి ఫ్రెడరిక్, లోపల ఎఫ్రాయిమ్ అని జనం వెక్కిరింత కట్టారు. దొంగనాణెం కొట్టించిన చేయి మహారాజుదైతే పేరు మాత్రం యూదుడిది! ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మనం కాపురం వుంటున్న దేశానికీ ఈ రాజులతో ఒక లెక్క వుంది. హెస్సె కాసెల్ పాలకుడు తన రైతుబిడ్డలను సైనికులుగా ఇంగ్లండు రాజుకు అద్దెకిచ్చి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్ మీదకు పంపాడు. తలకు ఇంత అని పుచ్చుకున్నాడు. మన పిల్లలు బళ్ళో 'హెషియన్లు' అని చదువుకునేది వారినే. రాజవంశపు బంగారం అని మురిసిపోయేముందు ఆ పాఠం పిల్లలనడిగి చెప్పించుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ చేతికొచ్చిన నాణెం 1914 తరువాత ఎక్కడెక్కడ తిరిగింది?

1914 ఆగస్టులో కాగితానికి బంగారం ఇవ్వడం ఆపేశారు. బంగారం ఇవ్వండి, ఇనుము పుచ్చుకోండి అన్న 1813 నాటి నినాదాన్ని మళ్ళీ బయటికి తీశారు. ఆడవాళ్ళు గొలుసులు, ఉంగరాలు ఇచ్చి ఇనుప ఉంగరాలు, పతకాలు తెచ్చుకున్నారు. ఇనుము వేసుకోవడమే గొప్ప అయిపోయింది. మన పెద్దవాళ్ళకు 1962 చైనా యుద్ధం, రక్షణ నిధికి ఇచ్చిన గాజులు, 1963లో వచ్చిన పద్నాలుగు వన్నెల నిబంధన, వీధిన పడ్డ కంసాలులు గుర్తుంటారు. జర్మనీలో కథ అక్కడితో ఆగలేదు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల కాగితపు మార్కులు. నేలమాళిగలో ఇరవై మార్కుల బంగారు నాణెం దాచుకున్న ఇల్లాలే ఆ రోజు ఇంటిని నిలబెట్టింది. 1938లో ఆ నాణేల చెలామణీ రద్దయింది. 1939 ఫిబ్రవరిలో నాజీ ప్రభుత్వం యూదులందరూ తమ బంగారం, వెండి, రత్నాలు ప్రభుత్వపు తాకట్టు దుకాణాలలో అప్పగించాలని ఉత్తర్వు వేసింది. పెళ్ళి ఉంగరం వుంచుకోవచ్చట, అదీ దయ! ఇచ్చిన సొమ్ము నామమాత్రం. ఎఫ్రాయిమ్ పేరు వెక్కిరింతగా మొదలైంది ఎక్కడికి వచ్చి తేలిందో చూడండి.

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం మెర్కర్స్ అనే వూళ్ళో ఉప్పు గనిలోకి దిగింది. అక్కడ జర్మన్ రిజర్వు బ్యాంకు బంగారం. కడ్డీలు ఎనిమిది వేలు దాటి వున్నాయి. మార్కులు, పౌనులు, ఫ్రాంకుల బంగారు నాణేల సంచులు 1,300 పైన. వాటి పక్కనే సూట్‌కేసులలో, పెట్టెలలో శిబిరాల నుంచి తెచ్చిన ఉంగరాలు, కళ్ళజోళ్ళ చట్రాలు, పళ్ళకు కట్టిన బంగారం. ఐసెన్‌హోవర్ స్వయంగా దిగి చూశాడు. దోచిన బంగారాన్ని దేశాలకు పంచడానికి 1946లో పెట్టిన కమిషన్ పని ముగించేసరికి 1998 వచ్చింది.

"అయితే ప్రతి నాణెమూ రక్తపు కూడేనంటారా?" అని అడుగుతారు. అనము. చాలా నాణేలు మామూలుగా బ్యాంకుల ఇనప్పెట్టెలలో నిద్రపోయి ఇక్కడికి చేరినవే. సాదా ప్రష్యా నాణేన్ని పట్టుకుని నీ పూర్వులెవరని అడిగితే అది చెప్పలేదు. కానీ అరుదైన డ్యూకట్, చిన్న రాజ్యపు ఇరవై మార్కులు చెప్పగలవు. నూరేళ్ళకు పైగా వేలం సంస్థలు బొమ్మలతో పుస్తకాలు వేస్తూ వచ్చాయి. ఫలానా గీత, ఫలానా అంచు నొక్కు వున్న నాణెం ఫలానా ఏట ఎవరి చేతిలో వుందో వెతికితే దొరుకుతుంది. అమ్మేవాడిని ఆ కాగితం చూపించమని అడగడానికి మనవాళ్ళకు మొహమాటం! వంకాయలు పుచ్చుల్లేవని నాలుగుసార్లు తిప్పి చూసి కొనేవాళ్ళం, వేల డాలర్లు పోసే చోట 1933కీ 1945కీ మధ్య ఇది ఎక్కడుందని ఒక్క మాట అడగలేమా? జవాబు లేకపోతే డబ్బు జేబులో పెట్టుకుని ఇంటికి రండి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగిన చందంగా సంపాదించిన నగ అమ్మాయి మెడలో వేసి, అక్షతలు ఎలా వేస్తాము?

పెట్టుబడి అనేవారికి రెండే ముక్కలు. అమెరికా పన్నుల వారు నాణేలను సేకరణ వస్తువులుగా చూస్తారు; దీర్ఘకాలపు లాభం మీద పన్ను 28 శాతం దాకా వుండవచ్చు, షేర్ల మీద అయితే 20 మించదు. పైగా అరుదైన నాణేలకు అసలు బంగారంతోనే నకళ్ళు వున్నాయి. గీటురాయి వాటిని పట్టుకోలేదు, తరాజు పట్టుకోలేదు. జర్మనీలోనే కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అని 1830 దాకా బతికిన ఘనుడున్నాడు. కొత్తగా కొట్టిన 'ప్రాచీన' నాణేలను ఇనుప రజను పెట్టెలో వేసి, బండికి కట్టి, షికారు తిప్పుకొచ్చి పాతబరిచేవాడు. పండితులే మోసపోయారు. మనమెంత?

2025 అక్టోబరులో బంగారం ఔన్సు 4,000 డాలర్లు దాటింది. ఆ ధరకు ఇరవై మార్కుల నాణెంలోని మేలిమి ఒక్కటే తొమ్మిది వందల డాలర్ల పైచిలుకు. కరిగించే కొలిమికి ఇంతకంటే మంచి రోజులు రావు. 2022 నవంబరులో బవేరియాలోని మాంఖింగ్ మ్యూజియంలో 483 కెల్టిక్ బంగారు నాణేలు దొంగిలించారు. అవి ఈ డ్యూకులకు రెండు వేల ఏళ్ళ ముందువి. 2023లో దొంగలు దొరికేసరికి కొన్ని అప్పటికే ముద్దలైపోయాయి. వాళ్ళు దొంగలు, తూకం తప్ప ఇంకేమీ కనపడలేదు. చదువుకున్న ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు అయిన మనకు కూడా తూకమే కనపడితే ఏమనుకోవాలి?

ఇంట్లో వున్న జర్మన్ కాసులను ఒకసారి మంచి దీపం కింద పెట్టి భూతద్దంతో చూడండి. ప్రష్యా రాజు తల, 'ఎ' అక్షరం, బండెడు వున్న తేదీ అయితే మీ ఇష్టం, మీ కంసాలి ఇష్టం. నగరపు ముద్ర వున్నా, తెలియని ముఖం వున్నా, 'బి' అక్షరం వున్నా టంకం పెట్టించకముందు లైబ్రరీకి వెళ్ళి ఫ్రీడ్‌బర్గ్ వారి బంగారు నాణేల పుస్తకం అడగండి. 1958 నుంచి వస్తున్నది, చాలా వూళ్ళలో దొరుకుతుంది. దొరక్కపోతే మా దగ్గర ఒక ప్రతి వుంది. వచ్చే నెల సమావేశానికి తెస్తాము. నాణేన్ని వేళ్ళతో అంచున మాత్రమే పట్టుకోండి. సబ్బుతో, చింతపండుతో తోమకండి.